పాత యింటిని బాగుచేసికొనుట: దంపతులు స్వయముగా చేయదగిన పని



పొలమున గట్టు తెగినచో ఆ దినమే పార భుజమున వేసికొని పోయి మన్ను వేయుదుము. ఎద్దు కుంటినచో ఆ పూటయే మందు వెదకుదుము. కాని మనము పుట్టి పెరిగిన యింటి గోడ అడుగున మన్ను రాలుచుండగా ఏండ్ల తరబడి చూచుచు ఊరకుందుము. తుద కొక తుపాను రాత్రి ఆ గోడ ఒరిగినపుడు “పాత యిల్లు, ఎన్నాళ్లుండును?” అని మనల మనమే ఓదార్చుకొని, ఉన్నదానిని పడగొట్టి, అప్పుచేసి క్రొత్త యింటికి పునాది త్రవ్వుదుము. ఇల్లు ముసలిదైనందున పడిపోవుట అరుదు. ఆలనాపాలనా లేకపోవుటచేతనే తరచుగా పడిపోవుచుండును. భార్యాభర్త లిరువురు చేతులు కలిపినచో పాత యిల్లు మరియొక తరమువరకు ఎట్లు నిలువగలదో ఈ వ్యాసమున విన్నవించుచున్నాను.

మన ప్రాంతపు పాత యిండ్లు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పాత యిండ్లు పలు తీరులుగా నున్నవి. సముద్రతీరమున చుట్టిల్లు కలదు. దాని మట్టిగోడ గుండ్రముగా నుండును. తాటాకు కప్పు నేలకు దగ్గరగా వంగి యుండును. గాలికి మూల దొరకదు గనుక అది ఏ దిక్కునుండి వీచినను గోడను చుట్టుకొని పోవును. మన పెద్దలు చదువులేకయే తెలిసికొనిన శాస్త్ర మిది. పల్లెలలో వీధి పొడవున గోడకు గోడ ఆనించి కట్టిన వరుస యిండ్లు కలవు. ముందు అరుగు, లోపల నడవ, వెనుక వంటయిల్లు, ఆపైన పెరడు. ఒక యింటి కప్పు ప్రక్క యింటి కప్పుతో కలిసియుండును. కలిగినవారు నడుమ వాన పడుటకు వీలుగా మండువా లోగిళ్లు కట్టుకొనిరి. విజయనగరమున గురజాడ అప్పారావుగారు నివసించిన యింటిని స్మారకముగా నిలిపియున్నారు. ఆయన మరణించిన 1915వ సంవత్సరమునకు తరువాత ఒక శతాబ్దము దాటినను, ఆలనగల యిల్లు నిలువగలదనుటకు అదియే సాక్ష్యము.

నేనెరిగిన దంపతుల యిల్లు నాగావళి తీరపు పల్లెలో అట్టి వరుసలోనిది. వారి పేళ్లు, ఊరి పేరు ఇచట అవసరము లేదు. భర్తకు తాతనాటి మట్టిగోడల పెంకుటిల్లు అది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలగూలుట మీరెరుగుదురు. ఆ గాలికి వీరి యింటి కొప్పుపెంకులు లేచిపోయి, వంటయింటి గోడ నానినది. తరువాతి రెండు వర్షాకాలములు తాత్కాలికముగా పట్టాగుడ్డ కప్పి గడపిరి. అప్పటికి గోడ అడుగున చెయ్యి దూరునంత గుంట పడెను.

అప్పు లెక్క

భర్త మనస్సు స్లాబు యింటి మీద నుండెను. బయటి వ్యాపారి యొకడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై 3,00,000 రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొనెను. హామీగా పొలము వ్రాయవలెను. భార్య ఎనిమిదవ తరగతి చదివినది. ఆమె బిడ్డల పలకమీద లెక్క వేసెను. నెలకు వడ్డీ 6,000 రూపాయలు, ఏడాదికి 72,000. 2024-25వ సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము సాధారణ రకపు ధాన్యమునకు నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ ధరకు అమ్మినను, వడ్డీ కొరకే ఏటేట 31 క్వింటాళ్లకు పైగా ధాన్యము పోవలెను. ఇది ఒక ఎకరపు పంటను మించినది. అసలు చెక్కు చెదరక అట్లే యుండును. ఆమె పలక భర్త చేతికిచ్చి, “ఏమయ్యా, పొలము వ్రాసి యిల్లు కట్టిన, ఆ యింట కూర్చుండి ఏమి తిందుము?” అనెనట. భర్త సమాధానము చెప్పలేదు గాని మరునాడు వ్యాపారి వద్దకు పోలేదు.

వేరొక కారణము కూడ కలదు. వరుసలో నడుమ యింటిని పడగొట్టినచో ఇరుప్రక్కల ఉమ్మడి గోడలకు ఆనుడు పోవును, వాన నేరుగా తగులును. ఎడమప్రక్క యింట ఒక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచున్నది. తన యిల్లు బాగుపడుటకై పరుల గోడ కూల్చుట ధర్మము గాదని వారికి తోచినది. ఇట్లు వారు సంక్రాంతి వెళ్లిన పిమ్మట పనికి పూనుకొనిరి. పంట యిల్లు చేరినది మొదలు వైశాఖమాసాంతము వరకు మనకు కొంత తీరిక యుండును. మట్టిపని ఆరుటకు ఎండయు నుండును. తొలకరికి ముందు కప్పు, గోడలు పూర్తి కావలెను. ఆశ్వయుజ కార్తికములలో తుపానులు వచ్చుసరికి అంతయు గట్టిపడియుండవలెను. వీరు ఒక వేసవిలో ముగించలేక రెండు వేసవులు పనిచేసిరి. ఇందు తొందర పనికిరాదు.

మొదటి పని: నీటికి దారి చూపుట

మట్టియింటికి శత్రువు నీరు. పొడిగా నున్న మట్టిగోడ ఎంతకాలమైనను నిలుచును. తడిసి ఆరి, మరల తడిసిన గోడ పొడియై రాలును. కావున గోడకు మన్ను మెత్తుటకు ముందు నీరు ఎచటనుండి వచ్చుచున్నదో కనిపెట్టవలెను. ఈ దంపతులు ఒక వానదినమున పనియేమియు చేయక ఇంటిచుట్టు తిరిగి చూచిరి. చూరునుండి జారిన నీరు నేలబడి ఎగిరి గోడ అడుగును కొట్టుచుండెను. అంట్లు కడుగు నీరు పెరటి గోడ ప్రక్కనే నిలుచుచుండెను. ఏండ్ల తరబడి వీధిలో మన్ను వేయుటచేత వీధి మట్టము పెరిగి, అరుగు పల్లమాయెను.

అందుచేత మొదట చేసిన పని పారపని. గోడనుండి రెండు మూడడుగుల వరకు నేల వెలుపలికి వాలుగా నుండునట్లు మన్ను వేసి దిమ్మిసతో కొట్టిరి. దాని అంచున చిన్న కాలువ తీసి పెరటి అరటిచెట్ల వైపు మళ్లించిరి. అంట్లనీరు కూడ అందే కలిపిరి. చూరు గోడకు రెండడుగులు వెలికి ఉండునట్లు చూచుకొనిరి. కాలువ తీసిన ఏడాదికే గోడ అడుగున తెల్లని ఉప్పు పొంగుట తగ్గినది. నేలలోని తడి గోడలోనికి ఎక్కి, పైకి వచ్చి ఆవిరియగునపుడు దానితో వచ్చిన ఉప్పు అచటనే నిలిచి మట్టిని పొడిచేయును. చౌడు నేలలో మనము పొలమున చూచునది యిదియే. పొలమునకు మురుగుకాలువ ఎట్టిదో ఇంటికిని అట్టిదే.

రెండవ పని: కప్పు

పెంకులు దింపి ఒక్కొక్కటి వ్రేలితో తట్టి చూడవలెను. కంగున మ్రోగినది మంచిది. బొద్దుగా పలికినది పగిలినది. మన పాత యిండ్లపై నాటు పెంకులు రెండు వరుసలుగా, ఒకటి వెల్లకిల, ఒకటి బోర్ల నుండును. తరువాత వచ్చినవి మంగుళూరు పెంకులు. వీనినే మనలో కొందరు బెంగుళూరు పెంకులందురు. 1865వ సంవత్సరమున బాసెల్ మిషనువారు మంగుళూరున తొలి పెంకుల కర్మాగారము నెలకొల్పిరి. మత ప్రచారమునకు వచ్చినవారు, కులము విడిచి వెలియైన క్రొత్తవారికి జీవనోపాధి కల్పించుటకై నేత, పెంకుల పరిశ్రమలను పెట్టిరి. ఆ పెంకు గాడితో గాడి కలిసి కూర్చుండును గనుక తక్కువ సంఖ్య సరిపోవును; 100 చదరపు అడుగులకు సుమారు 140 నుండి 150 వరకు పట్టును. వీరు నాటు పెంకులలో మంచివానిని వీధివైపు కప్పునకు వాడి, పెరటివైపు మంగుళూరు పెంకులు వేసిరి. నాలుగు చోట్ల గాజు పెంకు పెట్టుటచే పట్టపగలు దీపము వెలిగించు చీకటిగది వెలుగుగది యాయెను.

పెంకులు దింపినపుడే దూలములను, వాసములను, పెండెములను పరీక్షింపవలెను. చెదపురుగు మట్టిదారి కనిపించిన చోట ఉలిమొనతో పొడిచి చూడవలెను. మొన సులువుగా దిగినచో ఆ కొయ్య పనికిరాదు. ముదురు తాటిమానులో పైనల్లటి భాగము ఇనుమువలె నుండును. నడుమ మెత్తటి భాగము తీసివేసి వాడవలెను. లేతతాడి చవుకయని కొనరాదు.

చెదలకు మనవద్దనే యొక మందు కలదు. పలాస-కాశీబుగ్గ ప్రాంతపు జీడిపప్పు కర్మాగారములలో గింజ పెంకునుండి వచ్చు నల్లని నూనెను కొయ్యకు పూసిన చెదలు, పుచ్చు దరిజేరవు. పడవలకును దీనిని పూయుట కలదు. అయితే ఈ నూనె చర్మమునకు తగిలిన బొబ్బలెక్కును. చేతులకు తొడుగులుండవలెను, కన్నులు జాగ్రత్త. గాదెల దగ్గరను, పిల్లలు తాకుచోట్లను దీనిని పూయరాదు. పూసినది పూర్తిగా ఆరిన పిమ్మటనే పైన పెంకులు వేయవలెను.

తుపాను గాలి కప్పును నొక్కదు, లేవదీయును. 2013లో ఫైలిన్, 2014లో హుద్ హుద్, 2018లో తిత్లీ, ఈ మూడును అక్టోబరు మాసముననే వచ్చి మనకు నేర్పిన పాఠ మిది. గాలి ముందుగా కొప్పును, చూరును, మూలలను పట్టును. కావున కొప్పుపెంకులను సున్నపు అడుసుతో కూర్పవలెను. చూరు వరుసలలోని పెంకులను తుప్పు పట్టని తీగతో పెండెములకు కట్టవలెను. వాసములను గోడమీది పట్టెకును, పట్టెను గోడలోనికి దింపిన ఇనుప బద్దకును బిగింపవలెను. వాసము గోడపై ఊరక కూర్చున్నచో బరువుచేత నిలుచునని నమ్మరాదు. ముందు పంచ కప్పును నడిమి యింటి కప్పునుండి వేరుగా కట్టుట మేలు. గాలికి పంచ పోయినను ఇల్లు దక్కును.

మూడవ పని: గోడలు

ఇచట భార్యయే గురువు. ఏండ్ల తరబడి అరుగు, వాకిలి అలికిన చేతికి ఏ మన్ను పగులునో, ఏ మన్ను రాలునో తెలియును. భర్త తెచ్చిన చెరువుమన్ను చూచి ఆమె “ఇది బంక హెచ్చు, ఆరగనే బీటలు వారును” అని చెప్పగా అతడు నమ్మలేదు. అంతట ఒక గాజుసీసాలో మూడవవంతు మన్ను, మిగిలినది నీరు పోసి, చిటికెడు ఉప్పువేసి కుదిపి, ఒక రాత్రి నిలువనుంచిరి. అడుగున ఇసుక, దానిపై సన్నని ఒండ్రు, పైన బంక మూడు పొరలుగా పేరుకొనెను. బంకపొర సగమునకు హెచ్చుగా కనబడెను. ఆమె మాటయే నిజమాయెను. నాగావళి ఇసుక తగినంత కలిపి, అరచేతి మందమున చిన్న పలకలు రెండు మూడు పాళ్లలో చేసి ఎండబెట్టి, పగులని పాలును ఎన్నుకొనిరి. ఈ పరీక్షకు కానీ ఖర్చు లేదు. ప్రతి రైతును చేయవచ్చును.

ఎన్నుకొనిన మన్నులో ముక్కలుగా నరికిన వరిగడ్డి, ఊక, పేడ కలిపి, నీరుపోసి త్రొక్కి, వారము దినములు మాగబెట్టిరి. గోడగుంటలోని పొడిమన్నును గట్టిమన్ను తగులువరకు గోకి తీసి, నీరు చిలికి, మన్ను ముద్దలను బలముగా కొట్టి నింపిరి. ఒక్క దినమున గుంటనంతయు పూడ్చరాదు. నాలుగంగుళముల వరుస ఆరిన పిమ్మటనే మరియొక వరుస. పందికొక్కులు తవ్విన బొరియలలో పగిలిన గాజుపెంకులు, సున్నము దట్టించి పైన మన్ను మెత్తిరి. గాదె ప్రక్క గోడలో బొరియ యున్నచో పంటలో భాగము పురుగూపుట్రకే పోవును. పాత బొరియలలో చెయ్యి పెట్టుటకు ముందు కఱ్ఱతో పొడిచి చూచుట మరువరాదు, పాములుండును.

ఒక హెచ్చరిక. మట్టిగోడపై సిమెంటు పూత పూయించినచో గట్టిగా నుండునని పలువురు భ్రమపడుదురు. మట్టి తడిని పీల్చి విడుచును, ఎండకు వానకు కొంచెము ఉబ్బి ముడుచుకొనును. సిమెంటు అట్లు గాదు. కొన్నాళ్లకు రెంటి నడుమ ఎడమేర్పడి, పగుళ్లలో దిగిన నీరు బయటికి పోవుదారి లేక గోడను లోపలనే బురద చేయును. పైకి నున్నగా కనబడు గోడ ఒకనాడు పలకలు పలకలుగా ఊడిపడును. మట్టిగోడకు మట్టిపూత, దానిపై సున్నము, ఇదియే సరియైన జత. వాన హెచ్చుగా కొట్టు పడమటి గోడలకు రూర్కీయందలి కేంద్ర గృహనిర్మాణ పరిశోధనా సంస్థవారు తారును కిరసనాయిలుతో పలుచబరచి మట్టిలో కలుపు పూత నొకదానిని రూపొందించియున్నారు. అది నీటికి కరగదు. పేడ అలుకు దానిపైనను వేయవచ్చును.

సున్నపు పని

సున్నపురాయినిగాని గుల్లనుగాని కాల్చిన వచ్చునది నీరుసోకని సున్నము. దానిలో నీరు పోసిన కుతకుత ఉడికి విరుగును. అప్పుడు ముఖము దగ్గర పెట్టరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను. కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను. విరిగిన సున్నమును గోతిలోనో తొట్టిలోనో నీటి క్రింద రెండు మూడు వారములు నానబెట్టినచో వెన్నవలె నగును. ఎంత నానిన అంత మేలు. పూర్వులు ఎద్దులచే గానుగ త్రిప్పించి సున్నము, ఇసుక నూరించెడివారు. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుటయు కలదు. ఈ దంపతులకు గానుగ లేదు. ఒక పాలు సున్నము, మూడు పాళ్లు ఇసుక కలిపి పారతో పలుమారులు త్రిప్పి రుబ్బిరి. పూసిన సున్నము ఎండలో వడిగా ఆరరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల రాయి యగును. అందుచేత కొన్నాళ్లు తడిగోనె కప్పి, నీరు చిలుకుచుండవలెను.

వెల్లవేయుటకు నానిన సున్నమును పలుచన చేసి బట్టతో వడియగట్టి, తుమ్మబంక నీరో, గంజియో కలిపిన చేతికంటదు. కొంచెము నీలిమందు కలిపిన తెల్లదనము హెచ్చును. ఒక మారు దట్టముగా వేయుటకంటె రెండు మూడు మారులు పలుచగా వేయుట మంచిది. వెల్లవలన వెలుతురు హెచ్చుటయే గాక క్రిమికీటకములు తగ్గును.

నేల, తలుపులు, అలంకారము

లోపలి నేలను ఒక జానెడు తవ్వి, గులకరాళ్లు పరచి, మన్ను వేసి తడిపి దిమ్మిసతో కొట్టి, పైన సున్నపు గచ్చు వేసిరి. వంటయింటి పొగ పోవుటకు చూరు క్రింద ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టిరి. గ్యాసు పొయ్యి యున్నను చలికాలమున కట్టెపొయ్యి వెలిగించువారు మనలో పలువురు. ఆ పొగ స్త్రీల ఊపిరితిత్తులకు, చంటిబిడ్డలకు చేటు.

తలుపులు, ద్వారబంధములు తాతనాటి టేకువి. వానిమీద రంగుమీద రంగు పేరుకొని యుండెను. పాత రంగులలో సీసము కలదు. మన దేశమున ఇంటిరంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో చేసిన నియమము 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకినచో ఆ ధూళి పిల్లల మెదడునకు కీడు. తడిపి, పిల్లలను పొరుగింటికి పంపి, నోటికి బట్ట కట్టుకొని గీకవలెను; రాలిన దానిని ఊడ్చి మూటగట్టి దూరముగా పూడ్చవలెను గాని పొయ్యిలో వేయరాదు. రంగు పోయిన పిమ్మట అడుగున చెక్కిన తామరలు, చిలుకలు బయటపడెను. తలుపు చెక్కడము అంత అందముగా నున్నదని ఆ యింట పుట్టిన భర్తకే తెలియదు. అవిసెనూనె పూసి వానిని అట్లే యుంచిరి.

అలంకారమునకు వారు కొనినది స్వల్పము. గోడ అడుగున రెండడుగుల ఎత్తున జాజు పట్టె, పైన వెల్ల. గడపకు పసుపు, వాకిట ముగ్గు. సీతంపేట వైపు కొండలలోని సవరలు ఎఱ్ఱమన్ను పూసిన గోడమీద బియ్యపుపిండితో మనుష్యులను, ఏనుగులను, సూర్యచంద్రులను గీయుదురు. వారి భాషకు వ్యాకరణ నిఘంటువులు సమకూర్చిన గిడుగు రామమూర్తిగారు మన ప్రాంతపువారే. ఇంటిని అందముగా చేసికొనుటకు ధనము గాక చెయ్యి కావలెనని ఆ కొండజాతివారిని చూచి నేర్చుకొనవచ్చును. ఈ యింటి ఆడపిల్ల బడిలో నేర్చిన చిత్రలేఖనముతో అరుగు వెనుక గోడమీద పత్తిచేను గీసినది. ఊరివారు ఆగి చూచుచుందురు.

ఇట్లు చేసిన మరియొక జంట

స్వహస్తముతో ఇల్లు కట్టుకొనుట నామోషీ గాదనుటకు ప్రపంచప్రసిద్ధుడైన యొక శిల్పిని స్మరింతును. లారీ బేకర్ 1917లో ఇంగ్లండు బర్మింగుహాములో జన్మించి, వాస్తుశాస్త్రము చదివి, 1945లో కుష్ఠురోగుల సేవచేయు మిషను పనిమీద మన దేశమునకు వచ్చెను. 1948లో కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్ జేకబ్‌ను వివాహమాడెను. ఆ దంపతులు హిమాలయములందలి పిథోరాగఢ్‌లో సుమారు 16 ఏండ్లు నివసించి, అచటి రాయి, మన్ను, కలపతోనే తమ యింటిని, వైద్యశాలను సమకూర్చుకొనిరి. ఇంగ్లండులో చదివిన విద్య అచట చాలలేదనియు, ఊరి పనివాండ్ర చెంత నేర్చుకొనవలసి వచ్చెననియు ఆయన చెప్పుచుండెడివాడు. పిమ్మట తిరువనంతపురమున స్థిరపడి, పాత యిండ్లనుండి పారవేసిన తలుపులు, పెంకులు ఏరి తెచ్చి తన యింటిని కొద్దికొద్దిగా పెంచుకొనెను. 1990లో పద్మశ్రీ పొంది, 2007లో మరణించెను. ఇటుకను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ విడుచు ఆయన ప్రచారము చేసిన కట్టుబడిలో ఇటుకలు నాల్గవవంతు ఆదాయగును. ఇల్లును చల్లగా నుండును. బేదల గృహమునకై జీవితమంతయు శ్రమించిన ఆయన పద్ధతిలోని మూలసూత్రము మనకు క్రొత్తది గాదు: దగ్గర దొరకిన దానిని వాడుము, ఉన్నదానిని పారవేయకుము.

స్వయముగా చేయరాని పనులు

అన్నియు స్వయముగా చేయవలెనని పట్టు పట్టుట అవివేకము. దూలము మార్చునపుడు రెండు ప్రక్కల ఊతకఱ్ఱలు నిలిపి, అనుభవముగల వడ్రంగిచేతనే మార్పింపవలెను. గోడ నిలువు తప్పి, తూకపుగుండు వేసినపుడు అరచేతికంటె హెచ్చుగా ఒరిగియున్నచో మేస్త్రిని చూపకుండ ముట్టరాదు. విద్యుత్తీగెలు తెలిసినవాని పని. మట్టిగోడ తడిసినపుడు పాత తీగె ప్రాణాంతకము. సిమెంటు రేకులని మనము పిలుచు ఆస్‌బెస్టాస్ రేకులను కోయుట, పగులగొట్టుట, తోముట చేయరాదు. వాని పొడి ఊపిరితిత్తులలో చేరిన ఏండ్ల పిమ్మట కాన్సరు కలుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ఈ దంపతులు వడ్రంగికి, విద్యుత్పనివానికి కూలి యిచ్చుటకు, పెంకులు, సున్నము కొనుటకు సంఘమునందలి తమ పొదుపు సొమ్ము వాడిరి; పొలము పత్రము పెట్టెలోనుండి బయటికి రాలేదు.

సంఘము చేయదగినది

వరుస యిండ్లలో ఒకరి గోడ మరియొకరి గోడ. ఒకరు కాలువ తీసి ప్రక్కవారు తీయకున్న ఇరువురి గోడలును నానును. ఈ దంపతులు తమ పని ముగించి, ఎడమప్రక్క వృద్ధురాలి గోడ అడుగును కూడ మెత్తి, ఆమె చూరు వరుసలను తీగతో కట్టి యిచ్చిరి. అది దయతో చేసినదియు, తమ గోడకొరకు చేసినదియు కూడ. ఉమ్మడి గోడకు ఈ రెండును ఒకటియే.

సహకార సంఘము పుట్టినది అప్పులిచ్చుటకు మాత్రమే కాదు. మన రాజధానిగా నాడున్న మదరాసునకు సర్ ఫ్రెడరిక్ నికల్సన్ 1895-97లో సమర్పించిన నివేదికయు, 1904 నాటి సహకార పరపతి సంఘముల శాసనమును రైతు ఋణవిముక్తినే ఉద్దేశించినవి. అప్పు చేయకుండ గడచు మార్గము చూపుటయు ఆ ఆశయములోనిదే. కావున ఈ క్రింది వానిని మన పాలకవర్గములు ఆలోచింపదగును.

మొదటిది, దిమ్మిసలు, నిచ్చెనలు, ఊతకఱ్ఱలు, తూకపుగుండ్లు, సున్నపు తొట్టి ఒకటి సంఘమున నుంచి సభ్యులకు వంతులవారీగా ఇచ్చుట. రెండవది, సున్నము, పెంకులు, తీగ ఒక్కమారుగా లారీతో తెప్పించి కొన్న ధరకే పంచుట. మూడవది, నాట్లవేళ మనము ఒకరి పొలమున ఒకరు చేయు బదులుపనిని ఇండ్లకును విస్తరించి, వీధికొక జట్టుగా ఏర్పడి, ఏడాదికి రెండు మూడిండ్లు బాగుచేయుట. నాల్గవది, మట్టిపనిలో నేర్పుగల స్త్రీలను ఈ జట్లకు పెద్దలుగా నియమించుట. వారి విద్యను మనము విద్యగా లెక్కించుట లేదు, అది లోపము. ఐదవది, ప్రతి సంవత్సరము భాద్రపద మాసములో, తుపానులకు ముందు, సభ్యుల యిండ్ల కప్పులు, కాలువలు ఒకమారు చూచి వచ్చుట.

ఇల్లు బాగుచేయుటలో లాభము సొమ్మునకే పరిమితము గాదు. రెండు వేసవులు ఒక మట్టికుప్పను కలిసి త్రొక్కిన భార్యాభర్తలు ఒకరి పనితనము నొకరు క్రొత్తగా ఎరుగుదురు. గోడలో ఏమున్నదో ఎరిగినవాడు బీట కనబడిన నాడే పూడ్చును. మేస్త్రి కట్టి యిచ్చిన గోడను చూచువాడు మేస్త్రి కొరకు ఎదురుచూచును. కావున సోదరులారా, క్రొత్త యింటికి అప్పుపత్రము వ్రాయుటకు ముందు, ఒక వానదినమున మీ యింటిచుట్టు ఒకమారు తిరిగి చూడుడు. మీ యింటి ఆడువారిని వెంట తీసికొని పొండు. నీరు ఎచట నిలుచుచున్నదో వారు మీకంటె ముందు చూపుదురు. అచటనే తొలి పార వేయుడు.